ఆరు కాళ్ళు లెక్కపెట్టని రోజు

పురుగుల మందు కొట్టే పనిలో చేరిన మా వైపు పిల్లలు ఇప్పటికీ నాకు ఫోటోలు పంపుతుంటారు. కింద "కాకా, ఇదేం పురుగు?" అని ఒక ముక్క ఉంటుంది. ఫోటోలో సగం బొటనవేలు, సగం నేల, మధ్యలో మసకగా ఏదో చుక్క. నేను పేరు చెప్పను. "కాళ్ళెన్ని?" అని తిరిగి రాస్తాను. చాలామంది దానికి జవాబివ్వరు, ముసలాయనకు చాదస్తం ముదిరిందనుకుంటారు. అందుకే ఆ కాళ్ళ సంగతి ఒకసారి వివరంగా రాసి పెడుతున్నాను. ఇకమీదట అడిగినవాళ్ళకు ఇదే పంపుతాను.

నాది మెట్‌పల్లి పక్కన పసుపు పండే పల్లె. ఉద్యోగం చేసింది ఫుజైరాలో. ఫుజైరా అని ఎంత చెప్పినా మా ఊరివాళ్ళకు నేను దుబాయ్‌లోనే ఉన్నాను. మొదట్లో కొన్నేళ్ళు కట్టడాల్లో ఇటుకలు మోశాను. నడుము మొరాయించాక పురుగుల మందు కంపెనీలో చేరి, చివరిదాకా అందులోనే ఉన్నాను. వీపు మీద మందు డబ్బా, చేతిలో గొట్టం, జేబులో ఒక భూతద్దం. ఆ భూతద్దం కంపెనీ ఇచ్చింది కాదు, నేనే కొనుక్కున్నాను. దాన్ని తీసి ఒక కన్ను మూసి చూస్తే ఇంటివాళ్ళకు నమ్మకం కుదురుతుంది. నిజం చెప్పాలంటే, చాలాసార్లు దానితో నాకు కనిపించేది నా వేలి గోరే.

మా పనికి గౌరవం వచ్చింది కరోనా ఏడాది. అంతకుముందు మేం లిఫ్ట్ ఎక్కితే ముక్కు మూసుకునేవాళ్ళు, ఆ ఏడాది మా కోసం లిఫ్ట్ ఆపి నిలబడ్డారు. ఆ తర్వాత జనం ఇళ్ళల్లో కూర్చుని కూర్చుని గోడలూ మూలలూ చూడటం మొదలుపెట్టారు. ఎన్నడూ చూడని పురుగులన్నీ కనబడసాగాయి. తివాచీ కింద ఉండే చిన్న బొచ్చు పురుగును చూసి నల్లి అని మంచాలు పారేసినవాళ్ళున్నారు. గోధుమపిండిలో పురుగును గాజు సీసాలో బంధించి, పైన తేదీ రాసి మాకు అప్పగించినవాళ్ళూ ఉన్నారు. నేను చూసి పేరు చెప్పేవాణ్ణి. నల్లి, చెద, బొద్దింక, గొల్లభామ, ఏదైనా సరే. తెలియనిదానికి కూడా ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఆఫీసులో నన్ను పురుగుల డాక్టర్ అనేవాళ్ళు. వాళ్ళు వేళాకోళానికి అనేవాళ్ళు, నేను నిజమనుకునేవాణ్ణి.

ఒక చలికాలం వాన పడ్డ మర్నాడు మన తెలుగావిడే ఫోను చేసింది. హైదరాబాదు వాళ్ళు, భర్తకు రేవులో ఆఫీసు ఉద్యోగం. ఇంటి వెనక ఇసుకలో రక్తం చుక్కల్లాంటివి పాకుతున్నాయి, పిల్లల్ని బయటికి పంపాలంటే భయంగా ఉంది, వెంటనే రండి అంది. వెళ్ళి చూస్తే ఆరుద్ర పురుగులు. మఖమల్ ముక్కల్లా ఎర్రగా, బుద్ధిగా నడుచుకుంటూ పోతున్నాయి. నేను డబ్బా కింద పెట్టి ఒకదాన్ని అరచేతిలోకి తీసుకున్నాను.

"అమ్మా, వీటికి మందెందుకు? రేపు ఎండ కొడితే ఇవే పోతయి. చిన్నప్పుడు చూడలేదా?"

ఆవిడ దగ్గరికొచ్చి చూసి సిగ్గుపడింది. "అయ్యో, అగ్గిపెట్టెలో దాచుకునేదాన్నండీ. ఇక్కడ కనబడేసరికి గుర్తుపట్టలేకపోయాను."

ఆ మాటకు నేను రూముకొచ్చాక కూడా నవ్వుకున్నాను. తెలిసిన పురుగును పరాయి ఊళ్ళో గుర్తుపట్టకపోవడమేమిటని. ఆ నవ్వు ఏడాది తిరక్కుండానే నా మీదికే వచ్చింది. అన్నట్టు ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్ళట, అసలు పురుగుల లెక్కలోకే రాదట. అది కూడా నాకప్పటికి తెలియదు.

ఇప్పుడు పులుసు దగ్గరికి రావాలి. పురుగుల కథలో పులుసేమిటంటారా, అసలు కథంతా అక్కడే ఉంది.

మా రూములో ఆరుగురం. వంట వంతులవారీగా సాగేది. నా జతగాడిది కోనసీమ, నాకంటే ఆరేడేళ్ళు చిన్న. పనిలో ఒకే బండి, రూములో పక్కపక్క మంచాలు. మనిషి బంగారం. అయితే తన వంతు రోజు పులుసులో బెల్లం వేస్తాడు. వేయడమంటే చిటికెడు కాదు. నేను కారం తిని పెరిగినవాణ్ణి. కొన్నేళ్ళు ఓర్చుకున్నాను. ఒక శుక్రవారం, పక్క రూమువాళ్ళు కూడా భోజనానికొచ్చినప్పుడు, నోరు ఊరుకోలేదు.

"ఇది పులుసా, పాయసమా? నెయ్యీ జీడిపప్పూ ఏడవెట్టినవ్ తమ్మీ?"

అందరూ నవ్వారు. అతను కంచం కింద పెట్టి లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. ఒకే బండిలో పక్కపక్కన కూర్చుని పోతాం, ఒకే ఇంట్లో చెరో మూల మందు కొడతాం, మాట మాత్రం లేదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే రూములో జగిత్యాల తమ్ముడొకడు ఉండేవాడు, బట్టల కొట్లో పని. అతని మొహం చూస్తూ చెప్పేవాళ్ళం. "రేపు బండి ఆరున్నరకు తీయాలని ఆయనకు చెప్పు." ఆయన రెండడుగుల దూరంలోనే సాక్సులు వేసుకుంటూ ఉంటాడు. జగిత్యాల తమ్ముడు పాపం మొదట్లో నిజంగానే తిరిగి చెప్పేవాడు. తర్వాత విసుగొచ్చి, "విన్నవా అన్నా?" అని మాత్రం అడిగేవాడు. ఇలా నెల దాటింది. తప్పు నాదేనని నాకు తెలుసు. ఒప్పుకోవడానికి మాత్రం నోరు రాలేదు, వయసులో పెద్దవాణ్ణి కదా.

ఆ రోజుల్లోనే పక్క ఊరు కల్బా నుంచి పిలుపు వచ్చింది. పాత ఇల్లు, చుట్టూ తోట. ఇంటి పెద్దావిడకు డెబ్బై పైబడి ఉంటాయి. పనివాళ్ళంతా ఆవిణ్ణి మామా అని పిలుస్తారు, అక్కడ అది అమ్మలాంటి పిలుపు. చిన్నప్పటి నుంచి మన దేశం సరుకు, మన దేశం మనుషులు అలవాటు కాబట్టి హిందీ బాగానే మాట్లాడుతుంది, మధ్యలో అరబ్బీ కలుపుతుంది. కోనసీమ తమ్ముడు వంటింటి వెనక తూము పని చూడటానికి వెళ్ళాడు. నన్ను ఆవిడ ముంగిట్లో ఉన్న ఖర్జూరం చెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది.

చెట్టు మొదట్లో మేకల ఎరువు కుప్పగా పోసి ఉంది. ఆవిడ కర్రతో కెలికి చూపించింది. లోపల బొటనవేలంత లావున, తెల్లగా, తల మాత్రం గోధుమరంగులో ఉన్న పురుగులు ముడుచుకుని పడుకున్నాయి.

"రఫీక్, యే క్యా హై?" అక్కడ పనివాళ్ళెవరినైనా రఫీక్ అనే పిలుస్తారు.

నేను భూతద్దం తీశాను. ఒక కన్ను మూశాను. మా ఆఫీసు గోడకు ఒక రంగుల పటం ఉండేది. అందులో ఖర్జూరానికి పట్టే ఎర్రముక్కు పురుగు బొమ్మ, పక్కన దాని పిల్ల బొమ్మ. తెల్లగా, లావుగా, గోధుమరంగు తలతో. ఆ పురుగంటే అక్కడ అందరికీ హడల్. మానులోకి దూరి లోపలే తింటూ పోతుంది. చెట్టు పైకి పచ్చగానే కనబడుతుంది, ఒకనాడు విరిగి పడుతుంది. ముదిరితే ఇక చెట్టును కొట్టి ముక్కలు చేయడమే, లేకపోతే చుట్టుపక్కల తోటలన్నింటికీ పాకుతుంది. ఈ చెట్టు మానుకు నడుమెత్తున పాత తొర్ర కూడా ఉంది. పటం గుర్తొచ్చింది, తొర్ర కనబడింది, నాకింకేం కావాలి.

"సూసా హై, మామా. లాల్‌వాలా. దరఖ్త్ కాట్నా పడేగా." అక్కడివాళ్ళు ఆ పురుగును సూసా అంటారు. చెట్టు కొట్టాలని చెప్పేశాను.

ఆవిడ గొడవ పెట్టుకోలేదు. పెట్టుకుంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. మాను మీద చెయ్యి వేసింది.

"మేరా ఉమ్మీకా బాగ్ ఖలాస్," అంది. "పానీ ఖలాస్. యే ఏక్ బాకీ."

కొండల్లో వాళ్ళమ్మకు తోట ఉండేదట. పెళ్ళై వచ్చేటప్పుడు అక్కడి ఖర్జూరం మొదట్లో పిలక తవ్వి, తడిగుడ్డ చుట్టి తెచ్చి ఇక్కడ నాటుకుందట. తర్వాత బావులు ఎండి ఆ తోటంతా పోయింది. వాళ్ళమ్మ చేతి చెట్టు ఇదొక్కటే మిగిలింది. ఆ పండు రుచి బజారులో దొరకదని చెప్పి, నిజంగా కొట్టాల్సిందేనా అని మరోసారి అడిగింది. నేను డాక్టరులా తల ఊపాను.

కోనసీమ తమ్ముణ్ణి ఒక్క మాట అడగాలని నాకు అనిపించలేదా అంటే, అనిపించింది. కొబ్బరితోటల మధ్య పుట్టినవాడు, కొబ్బరికైనా ఖర్జూరానికైనా పట్టే పురుగు ఒకటే. వంటింటి వెనక నుంచి అతని దగ్గు కూడా వినబడుతోంది. పులుసు అడ్డొచ్చింది. రిపోర్టులో పేరు రాసి సంతకం పెట్టాను. అన్నేళ్ళ సీనియర్‌ని, నా సంతకం పడితే మళ్ళీ ఎవరూ చూడరు. చెట్లు కొట్టేవాళ్ళను గురువారం పొద్దున పంపుతామని మా ముదీర్ కబురు చేశాడు. ముదీర్ అంటే మా మేనేజరు, మలయాళీ, మంచివాడే, కాగితం మీద ఉన్నదే నమ్ముతాడు. కొత్తగా చేరినవాళ్ళకు చూపించడానికి పనికొస్తుందని ఒక పురుగును మట్టితో సహా పచ్చడి సీసాలో వేసుకుని రూముకు తెచ్చి కిటికీలో పెట్టాను. మూతకు రంధ్రాలు కూడా చేశాను.

గురువారం పొద్దున్నే టీ తాగుతున్నాం. కోనసీమ తమ్ముడు కిటికీలోంచి టవలు తీసుకుంటూ ఆ సీసా చూశాడు. ఎత్తి వెలుతురుకు పెట్టి తిప్పాడు. తర్వాత జగిత్యాల తమ్ముడి వైపు తిరిగాడు.

"ఆయన్ని అడగవయ్యా, కొమ్ముపురుగు పిల్లని సీసాలో పెట్టి ఎందుకు పెంచుతున్నారో. ఊరెళ్ళేటప్పుడు తీసుకెళ్తారా ఏంటి?"

జగిత్యాల తమ్ముడు నా వైపు తిరిగి నోరు తెరవబోయాడు. నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. నెల రోజుల తర్వాత నేను నేరుగా కోనసీమ తమ్ముడితో మాట్లాడిన మొదటి మాట ఇది.

"కొమ్ముపురుగా? ఎర్రముక్కుది కాదా?"

అతను కూడా మాటల్లేవన్న సంగతి మర్చిపోయాడు. "అదేంటి అన్నయ్యగారూ, ఎర్రముక్కు పిల్లకి కాళ్ళుండవు కదండీ. దీనికి చూడండి, మూడు జతలు. ఇది పెంటలో పెరిగేది. మా ఊళ్ళో ఎరువు కుప్ప తవ్వితే గంపెడు వస్తాయి ఆయ్."

సీసా తీసుకుని చూశాను. భూతద్దం అక్కర్లేదు. తల కింద చక్కగా ఆరు కాళ్ళు ఆడిస్తోంది. అప్పుడు నాకు మా ఇంటి వెనక పెంటకుప్ప కనబడింది. వానలకు ముందు పసుపు చేనుకు ఎరువు తోలేటప్పుడు, గంప ఎత్తితే కింద ఇవే పురుగులు, తెల్లగా, లావుగా. గోరింకలు మా వెనకే తిరిగి ఏరుకుని తినేవి. పదేళ్ళ వయసు నుంచి నేను వీటిని కాలితో పక్కకు నెడుతూ పెరిగాను. పటంలో బొమ్మ చూసి, నా కళ్ళతో చూసింది మర్చిపోయాను. ఆరుద్ర పురుగు ఇల్లాలిని చూసి నవ్విన నవ్వు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

"తమ్మీ, మామా చెట్టు కొడ్తున్నరు ఇయ్యాల. ఏడు గంటలకు."

"టైమెంతయ్యింది?"

ఏడుకు పది నిమిషాలుంది. అతను టవలు భుజాన వేసుకునే బండి తాళం తీశాడు. నేను సీసా చేత్తో పట్టుకునే బండెక్కాను. ఫుజైరా నుంచి కల్బాకు దూరం ఎంతో లేదు. ఆ రోజు మాత్రం ప్రతి సిగ్నలూ మాకోసమే ఎర్రబడింది. చెట్లు కొట్టే మేస్త్రీకి నేను ఫోను మీద ఫోను చేస్తూనే ఉన్నాను. అటు మోగుతోంది, ఎత్తడం లేదు. ఎందుకు ఎత్తడం లేదో నాకు తెలుసు. రంపం మోతలో ఫోను వినబడదు. నాకు చెమటలు పట్టాయి. నా బతుకులో దేనికీ అంత భయపడలేదు.

వీధి మలుపులోనే రంపం చప్పుడు వినిపించింది. గేటు తీసి ఉంది. చెట్టుకు ఒక పక్క మట్టలు అయిదారు కింద పడున్నాయి. మేస్త్రీ, పఠాన్ మనిషి, మాను దగ్గర వంగి ఉన్నాడు. నేను బండి ఆగకముందే దిగి పరిగెత్తాను.

"ఖలాస్, ఖలాస్. బంద్ కరో భాయ్, బంద్ కరో."

రంపం ఆగింది. మాను మీద బెత్తెడు లోతు గాటు పడింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే మిగిలేది మొద్దే.

పెద్దావిడ వరండాలో కుర్చీ వేసుకుని, చెట్టు వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది. రంపం ఆగింది కాబట్టి పని అయిపోయిందనుకుంది కాబోలు, తిరిగి చూడలేదు. నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. దారంతా హిందీలో ఏమేమో సర్దిచెప్పే మాటలు కూడబెట్టుకున్నాను, ఆవిడ మొహం చూశాక అవేవీ రాలేదు.

"గల్తీ మేరా హై, మామా. సూసా నహీ హై. దరఖ్త్ అచ్ఛా హై." తప్పు నాది, ఇది ఆ పురుగు కాదు, చెట్టు బాగుందని.

ఆవిడ చెయ్యి చాపింది. సీసా ఇచ్చాను. మెడలో వేలాడుతున్న కళ్ళద్దాలు పెట్టుకుని, సీసా దగ్గరగా పట్టుకుని, వేలితో ఒక్కొక్క కాలూ లెక్కపెట్టింది. వాహద్, ఇత్నేన్, తలాతా, అర్బా, ఖమ్సా, సిత్తా. కళ్ళద్దాల మీదుగా నన్ను చూసింది.

"కీడేకా ఛే పావ్ హై," అంది. "తుమ్హారా దో ఆంఖ్ హై." పురుగుకు కాళ్ళు ఆరున్నాయి, నీకు కళ్ళు రెండున్నాయి కదా అని.

కోనసీమ తమ్ముడు అప్పటికే చెట్టు పని చూస్తున్నాడు. మానుకు చెవి ఆనించి కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఎర్రముక్కు పురుగు లోపలుంటే నమిలే చప్పుడు వినబడుతుందని, వాళ్ళ నాన్న కొబ్బరిచెట్లను అలాగే చూసేవాడని ఆ తర్వాత చెప్పాడు. చుట్టూ తిరిగి మూడు నాలుగు చోట్ల విన్నాడు. తొర్రలో వేలుపెట్టి వాసన చూశాడు, పొడిగా ఉంది, పాత దెబ్బ. ఇద్దరం కలిసి ఎరువు కుప్ప దూరంగా లాగి, పురుగులన్నీ ఏరి బకెట్‌లో వేశాం. గాటుకు మందు పూసింది అతనే. పెద్దావిడ చెట్టు దగ్గరికి వచ్చి ఆ గాటును చూసింది. మా ముగ్గురికీ, అంటే మేస్త్రీతో కలిపి, కహ్వా పోయించింది. ఆ కాఫీ చేదుగా ఉంటుంది, ఆ రోజు నాకు ఇంకా చేదుగా ఉండింది, అయినా రెండు కప్పులు తాగాను.

ముదీర్ దగ్గరికి నేనే వెళ్ళి చెప్పాను. నా రిపోర్టు తెప్పించుకుని, నా సంతకం నేనే కొట్టేశాను. అతను "నీ సంతకం చూసి నేను చెట్టు చూడలేదు," అన్నాడు. ఒక హెచ్చరిక కాగితం ఇచ్చాడు, అందులో న్యాయముంది. ఆ వారం నుంచి ఏ చెట్టునైనా కొట్టమని రాయాలంటే ఇద్దరు చూడాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి అని నియమం పెట్టాడు. నేను ఇంటికొచ్చేదాకా ఖర్జూరం రిపోర్టులన్నింటి మీద నా పేరు కింద కోనసీమ తమ్ముడి పేరు ఉంది. పిల్లలూ, మీకు నేను చెప్పేది ఇంతే. పురుగును చూడండి, పటాన్ని తర్వాత చూడండి. పక్కనున్నవాడికి తెలిస్తే అడగండి. అతనితో మీకు మాటల్లేకపోతే ముందు ఆ పని చూసుకోండి.

ఆ గురువారం సాయంత్రం బండిలో వస్తూ నేను అతనికి క్షమాపణ చెప్పాలని చాలా కష్టపడ్డాను. "తమ్మీ, ఆ పులుసు సంగతి" అని మొదలుపెట్టాను.

"వదిలేయండి అన్నయ్యగారూ. బెల్లం ఓ ముక్క ఎక్కువైన మాట నిజమే," అన్నాడు. వాదన అక్కడితో ముగిసింది. జగిత్యాల తమ్ముడికి ఉద్యోగం పోయింది, అదే, మా మధ్య మాటలు మోసే ఉద్యోగం.

ఆ ఎండాకాలం ఒక శుక్రవారం కల్బా నుంచి ఖర్జూరం ఆకుల బుట్ట ఒకటి వచ్చింది. పెద్దావిడ పంపింది. నిండా ఖర్జూరాలు, సగం పసుపు, సగం పండి గోధుమరంగు తిరిగినవి. గాటు పడ్డ వైపు గెలలు కాస్త తక్కువగా వచ్చాయట, ఇవి రెండో వైపువి అని తెచ్చిన డ్రైవరు చెప్పాడు. ఒకటి నోట్లో వేసుకున్నాను. ఆవిడ చెప్పింది నిజమే, ఆ రుచి బజారులో లేదు. వాళ్ళమ్మ తోటను నేను ఎన్నడూ చూడలేదు, చూసినట్టే అనిపించి కళ్ళు తడిశాయి.

ఆ రోజు వంట వంతు కోనసీమ తమ్ముడిది. అందరం కూర్చున్నాం, పక్క రూమువాళ్ళు కూడా వచ్చారు. అతను నా కంచంలో పులుసు వడ్డించి, గరిటె పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. నేను ఒక ముద్ద తిన్నాను.

"బెల్లం వెయ్యలేదండీ," అన్నాడు నేరుగా నా మొహం చూస్తూ. "మామా ఖర్జూరాలు వేశాను."

పులుసు ఎప్పటికంటే తియ్యగా ఉంది. ఇంకో గరిటె వెయ్యమని కంచం మళ్ళీ ముందుకు జరిపాను.